అతిథి గడియారానికో పేరు

మీరే తీసుకున్నారు. ముందు ఆ మాట ఒప్పుకోండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. మీటింగు గది నిండా కూర్చుని, టీలు తాగి, తెల్లబోర్డు మీద పేర్లు రాసి కొట్టేసి, చివరికి "అసిస్ట్" అని తేల్చిన పెద్దమనుషులారా, మిమ్మల్నే అంటున్నాను. ఒకళ్ల టైము వాళ్లకు తెలియకుండా తీసుకుని, ఆనక ఇప్పుడు టైమెంతయిందో చెప్పి, ఆ చెప్పడానికి సాయం అని పేరు పెట్టుకోవడం మీకే చెల్లింది. ఇంట్లో సోఫాలో కూర్చుని "నేను సాయం చేస్తూనే ఉన్నాగా" అనే మనిషీ, నువ్వూ విను. ఇది మీ అందరికీ కలిపే రాస్తున్నాను. ఎవరికి వాళ్లకు విడిగా రాసే తీరిక నాకు లేదు. ఎందుకు లేదో కూడా చెప్తాను.

ఆ పేరు ఖాయమైందని మెయిలు వచ్చినప్పుడు నేను ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. ఇంటి నుంచి పనిచేసే రోజు. మంచానికి ఒక పక్క ల్యాప్‌టాప్, ఇంకో పక్క బట్టల గుట్ట, మధ్యలో నేను. మా ఆయన దృష్టిలో ఇంటి నుంచి పని అంటే సగం సెలవు. పొద్దున బూట్ల లేసులు కట్టుకుంటూ, "ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా, ఆ బట్టల సంగతి చూడు" అన్నాడు. ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా. ఈ మాట కింద ఎన్ని పనులు దూరిపోతాయో అనేవాడికి తెలియదు. కొరియర్ వస్తే తీసుకోవడం, కుళాయి బాగుచేసే మనిషి వస్తే పక్కనే నిలబడి చూడటం, అత్తగారి మాత్రలు, ఆరేసిన బట్టల మీద వాన పడకుండా చూసుకోవడం. ఒక్కొక్కటీ ఒక్క నిమిషమే. "ఒక్క నిమిషం రా" అని పిలవని మనిషి మా ఇంట్లో లేడు. ఆ నిమిషాలన్నీ ఎటు పోయాయని సాయంత్రం ఎవరూ అడగరు. ఏం చేశావని మాత్రం అడుగుతారు.

నా ఉద్యోగం డాక్యుమెంటేషన్. ప్రోగ్రామర్లు రాసింది ఏం చేస్తుందో మనుషులకు అర్థమయ్యే మాటల్లో నేను రాస్తాను. ఈ విద్య నాకు ఏ కాలేజీ నేర్పలేదు. వంటింటి గట్టు మీద ఫోన్ ఆనించుకుని, ఒక చేత్తో గరిటె తిప్పుతూ ఇంకో చేత్తో పక్కవాళ్ల కోడ్ పైకి కిందికి జరుపుతూ నేర్చుకున్నాను. అందుకే నా రాతకు నునుపు ఉండదు. "మీ పేజీలు బాగుంటాయిగానీ లేటమ్మా" అంటాడు మా టీమ్ లీడు. "పిల్ల మంచిదేగానీ కాస్త నిదానం" అంటుంది మా అత్తగారు, ఇంటికి ఎవరొచ్చినా, టీ కప్పు చేతికందించేలోపే. ఇంట్లో, ఆఫీసులో ఒకే మాట వినబడితే ఎవరైనా ఏమనుకుంటారు? నేనూ అదే అనుకున్నాను. నాలోనే ఏదో స్క్రూ వదులుగా ఉందనుకున్నాను. తెల్లారి లేచి, మనసులో పనులు వరసపెట్టుకుని, ఇవాళ త్వరగా తేల్చేస్తానని కంకణం కట్టుకుని, సాయంత్రానికి మళ్లీ వెనకబడి, నా మీద నేనే పళ్లు నూరుకునేదాన్ని.

గడియారం అక్క పరిచయమయ్యేదాకా అంతే.

ఆమెకు ఆ పేరు టీమంతా పెట్టింది. ఆమె చేతికి మాత్రం గడియారం ఉండదు. ఎదురొచ్చినవాళ్లను "నీ లెక్కలో ఎంతయింది?" అని అడుగుతుంది. వాళ్లు చెప్పింది విని, ఇంకొకళ్లను అడిగి, రెండు జవాబులూ కలవకపోతే పసిపిల్లలా సంబరపడుతుంది. బల్ల కింద చెప్పులు విడిచేసి, కుర్చీలో ఒక కాలు మడిచి కూర్చుని, స్క్రీనుతో మాట్లాడుతుంది. "ఏమ్మా, ఎక్కడ తడబడుతున్నావు? నాకు చెప్పు" అని బుజ్జగిస్తుంది. చిక్కు విడిపోయినప్పుడు ఆమె నవ్వే నవ్వు లిఫ్టు దాకా వినబడుతుంది. "కాస్త మెల్లగా మేడమ్" అని లీడు తన గదిలోంచి తల బయటపెడతాడు. "నవ్వుకు వాల్యూమ్ బటన్ మర్చిపోయారండీ నన్ను చేసినవాళ్లు" అంటుంది, తల తిప్పకుండానే. ఆమె రాసేదానికంటే కొట్టేసేది ఎక్కువ. మిగతావాళ్లు ఇన్ని వరసలు రాశాం అని చెప్పుకుంటే, ఈమె ఇన్ని తీసేశాను అని చెప్పుకుంటుంది. ఒకసారి ఎవరిదో పుట్టినరోజు. "మరి కేకు సంగతి ఎవరు చూస్తారు?" అన్నాడు లీడు. గదిలో తలలన్నీ ఆడవాళ్లమున్న వైపు తిరిగాయి, ఫ్యాను తిప్పినట్టు. అక్క మాత్రం ఎదురుగా ఉన్న కుర్రాడి వైపు చూపించి, "సరేసార్ చూస్తాడు. ఆయన కాదనడం ఇంతవరకు నేను చూడలేదు" అంది. లీడు ఏమన్నా "సరే సార్" అనడమే పనిగా పెట్టుకున్న ఆయనకు ఆ రోజు నుంచి ఆ పేరు ఖాయమైపోయింది. కేకు పనీ ఆయనకే ఖాయమైపోయింది.

మా టీమ్ చేసే పని ఏమిటో చెప్తే తప్ప ఈ గొడవ అర్థం కాదు. ఒక పెద్ద కంప్యూటరు ఉంటుంది. దాని కడుపులో మా సాఫ్ట్‌వేర్ చాలా ఉత్తుత్తి కంప్యూటర్లను నడుపుతుంది. ప్రతి ఒక్కటీ తానే అసలైన మెషీన్ అనుకుంటుంది. పెద్దదాన్ని హోస్టు అంటాం, లోపలున్నవాటిని గెస్టులంటాం. అవి అతిథులన్నమాట. అందరికీ కలిపి ఉన్నది ఒకటే శరీరం కాబట్టి, హోస్టు వాటిని వంతులవారీగా నడుపుతుంది. వంతు కానిదాన్ని ఆపేస్తుంది. ఆపానని దానికి చెప్పదు.

ఒక మధ్యాహ్నం అక్క నా బల్ల దగ్గరికి కుర్చీ దొర్లించుకొచ్చింది. కొత్త ఫీచరు రాస్తున్నాను, దానికి పేజీ నువ్వు రాయాలి అంది. అతిథులకు గడియారం.

"వాటికి గడియారం లేదా అక్కా?"

"ఉంది. అదే తంటా. నువ్వు పని చేస్తున్నావనుకో. మధ్యలో ఎవరో నిన్ను ఆపేశారు. నిద్ర కాదు సుమా. నిద్రపోయినవాళ్లకు లేచాక తెలుస్తుంది, పడుకున్నానని. ఇది అలా కాదు. నువ్వు చెయ్యి ఎత్తావు, దించావు. నీ లెక్కలో మధ్యలో ఏమీ జరగలేదు. బయట చూస్తే పొద్దు వాలిపోయింది."

"మరి నాకెలా తెలుస్తుంది?"

"తెలీదు. పని అయ్యాక బయటి టైము ఎవరో చెప్తారు. ఇంత చిన్న పనికి ఇంతసేపు పట్టిందా అనుకుంటావు. ఛీ, నేనే మందకొడిదాన్ని అనుకుంటావు. పాపం, ఈ మెషీన్లు అచ్చం అలాగే అనుకుంటాయి. వాటి సొంత లెక్కలు తీసి చూడు, తప్పంతా తమదే అని రాసుకుంటాయి."

నేను నవ్వాను. సగంలో నవ్వు ఆగిపోయింది. "మా అత్తగారు నన్ను అలాగే అంటారక్కా. కాస్త నిదానం అని."

అక్క నవ్వలేదు. నా మొహంలోకి చూసి, "రోజుకు నిన్ను ఎన్నిసార్లు ఆపుతారో ఆవిడకు తెలుసా?" అంది. అంతటితో ఆగక, "నీకు తెలుసా?" అంది.

నాకు తెలియదు. ఆ మాట పట్టుకుని ఇంటికెళ్లాను. కూరగాయలు తరుగుతూ ఆలోచించాను. ఒక వాక్యం మొదలుపెడతాను, కర్త దొరుకుతుంది, క్రియ దొరికేలోపు "ఒక్క నిమిషం" వినబడుతుంది. వెళ్తాను, వస్తాను. వచ్చాక ఆ వాక్యం నన్ను గుర్తుపట్టదు. మళ్లీ మొదటి నుంచి చదువుకుని, దాన్ని మచ్చిక చేసుకుని, క్రియ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పిలుపు. పిలిచిన పని నిమిషంలోనే అవుతుంది, అది అబద్ధం కాదు. కానీ వెళ్లి రావడం వెనక ఎంత పోయిందో నేను ఎన్నడూ కూడుకోలేదు. ఎలా కూడుకుంటాను? ఆ సమయమంతా నేను నాలో లేను. వేరేవాళ్ల పనిలో ఉన్నాను. నా లెక్కలో అది జరగనే లేదు. మిగిలింది ఒక్కటే, ఆలస్యం. అది మాత్రం నా పేరు మీద ఉంది.

అక్క చేసిన పని ఏమిటంటే, ఆ ఉత్తుత్తి నాటకం మానేద్దాం అంది. పాత పద్ధతిలో అతిథికి తాను అతిథినని తెలియనివ్వరు. అసలైన గడియారంలా కనిపించే బొమ్మ గడియారం ఒకటి చేతికిస్తారు. కొత్త పద్ధతిలో అతిథికి తన పరిస్థితి తెలుసు. నేను ఇంకొకరి కడుపులో నడుస్తున్నాను, నన్ను ఆపుతుంటారు, కాబట్టి టైము నేరుగా హోస్టునే అడుగుతాను అంటుంది. మావాళ్లు దీన్ని పారావర్చువల్ అంటారు. తెలిసి నడవడం అని నేనంటాను. హోస్టుకూ అతిథికీ ఇద్దరికీ కనబడే ఒక జాగా ఉంటుంది మెమరీలో. హోస్టు అక్కడ రెండు విషయాలు రాస్తుంది. ఒకటి, ఇప్పుడు నిజంగా టైమెంత. రెండు, నీకు పని ఉండి నువ్వు సిద్ధంగా ఉన్నా నేను నిన్ను ఎంతసేపు ఆపి ఉంచాను. ఈ రెండోదే అక్క ప్రాణం. హోస్టు రాస్తున్నంతసేపు పక్కన ఒక బేసి సంఖ్య ఉంటుంది. రాయడం పూర్తయితే అది సరి సంఖ్య అవుతుంది. అతిథి చదివేముందు ఒకసారి, చదివాక ఒకసారి ఆ సంఖ్య చూసుకుంటుంది. రెండుసార్లూ ఒకే సరి సంఖ్య ఉంటేనే నమ్ముతుంది, లేదంటే మళ్లీ చదువుతుంది. "పెద్దింటివాళ్లు మాట సగంలో ఉండగా నమ్మేస్తే మునిగిపోతాం" అంది అక్క. ఎంత తేలికో, ఎంత గట్టిదో చూడండి. నేను ఆ కోడ్ చదివి చప్పట్లు కొట్టాను. నిజంగానే కొట్టాను, వంటింట్లో, ఒంటరిగా. ఏమైందమ్మాయ్ దోమలా అని అత్తగారు హాల్లోంచి కేకేసింది.

దానికి అక్క పెట్టిన పేరు "హోస్ట్ టేకెన్ టైమ్". హోస్టు తీసుకున్న సమయం. చదవగానే అర్థమైపోతుంది. నాలాంటిది వివరించే పనే లేదు.

ఇక మీ మీటింగు. కోడ్ చూపించారు. అంత మెలికల కోడ్‌కు ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అర్థమైతే కదా అనడానికి! పేరు దగ్గరికి వచ్చేసరికి అందరికీ నోళ్లు వచ్చాయి. పేరు గురించి మాట్లాడటానికి ఏమీ తెలియనక్కర్లేదు కదా.

"టేకెన్ అంటే ఏదో దొంగతనం చేసినట్టుందండీ" అన్నాడు లీడు.

"తీసుకున్నాం కాబట్టి తీసుకున్నాం అన్నాను. దొంగతనం అన్న మాట మీ నోట్లోంచి వచ్చింది" అంది అక్క.

"పేరు పాజిటివ్‌గా ఉండాలి మేడమ్. క్లాక్ అసిస్ట్! వింటుంటేనే ఎంత బాగుంది" అన్నాడు సరేసార్.

"అదీ పేరంటే" అన్నాడు లీడు. "లేకపోతే కస్టమరు ఏమనుకుంటాడు? నా మెషీను టైము వీళ్లు లాగేసుకుంటున్నారు అనుకోడూ?"

"లాగేసుకుంటున్నాం కదండీ. పక్క మెషీనుకు ఇస్తున్నాం. అది తప్పని నేను అనలేదే. చెప్పకపోవడం తప్పంటున్నాను."

"సరే, మీ మాటా ఎందుకు కాదనాలి. ఆ రెండో లెక్క ఉంచుదాం. కాకపోతే మొదట ఆఫ్‌లో పెడదాం. కావాలన్నవాళ్లు ఆన్ చేసుకుంటారు."

"తన దగ్గర పోయిందనే తెలియనివాళ్లు, కావాలని ఎలా అడుగుతారండీ?"

దానికి జవాబు చెప్పకుండానే మీరు ఓటుకు వెళ్లారు. కోడ్ రాసినవాళ్ల ఓటు లెక్కలోకి రాదన్నది మన టీమ్ రూలు. చేతులు లేచాయి, అసిస్ట్ గెలిచింది. మీటింగులో ఎవరేమన్నారో రాసే పని నాదే, ఎప్పటిలాగే. "నువ్వెలాగూ రాసేదానివేగా" అని మీరే కదా తగిలించారు. మూల కూర్చుని రాసేదానికి చెయ్యి ఖాళీగా ఉండదు కాబట్టి, నా చెయ్యి లేచిందో లేదో చూసే కష్టం మీకు తప్పింది.

ఒకసారి హెడర్ ఫైల్లోకి, అంటే మెషీన్లన్నీ చూసుకునే పేర్ల పట్టికలోకి ఎక్కి విడుదలైన పేరును ఇక ఎవరూ మార్చలేరు. ఎక్కడెక్కడి అతిథులో లేవగానే ఆ పేరుతోనే హోస్టును పలకరిస్తాయి. మారిస్తే అన్నీ తిరగబడతాయి. అంటే, ఇక పుట్టబోయే ప్రతి అతిథీ తన టైము తీసుకున్నవాళ్లకు తాను రుణపడి ఉన్నట్టు మాట్లాడాలి. రెండో లెక్క ఆఫ్‌లో ఉంటుంది. నేనే మందకొడిదాన్ని అని ప్రతి ఒక్కటీ రాసుకుంటూ పోతుంది. శాశ్వతంగా.

మీటింగయ్యాక అక్క సింకు దగ్గర కప్పు కడుగుతోంది. అప్పటికే తళతళలాడుతున్న కప్పును మళ్లీ మళ్లీ తోముతోంది.

"కోపం రాలేదా అక్కా?"

"వచ్చింది. కోపంలో కోడ్ రాస్తే బగ్గులొస్తాయి. అందుకే కప్పు మీద చూపిస్తున్నా." నీళ్లు విదిలించింది. "నేను రాసిన కోడ్‌కు నేనే అడ్డుపడటానికి లేదు. గొడవమనిషి అని ఇప్పటికే పేరుంది, అది మాత్రం ఓటు లేకుండానే పెట్టేశారు." అని తన జోకుకు తనే నవ్వింది. లిఫ్టు దాకా వినబడలేదు ఈసారి. "నీ పేజీ నువ్వు రాసుకో. నిజం రాయి, అంతే" అని వెళ్లిపోయింది. బతిమాలలేదు, నన్ను ముందుకు తొయ్యలేదు. ఓడిపోయి కూడా వీపు నిటారుగా పెట్టుకుని నడిచే మనిషిని నేను దగ్గరగా చూడటం అదే మొదలు.

మెయిలు దగ్గరికి వస్తాను. చేతిలో దుప్పటి ఒక కొస ఉంది. లీడు రాశాడు: పేరులో చిన్న సవరణతో ఆమోదిస్తున్నాను, అందరూ చూడగలరు. కిందనే నాకు ఇంకో ముక్క: "హోస్టు అతిథికి టైము విషయంలో సాయం చేస్తుంది అని ఒక వాక్యం రాసివ్వమ్మా. సాయంత్రంలోగా చాలు."

ఒక్క వాక్యం. కూర్చున్నాను. హోస్టు అతిథికి, అని కొట్టాను. చేతులు ముందుకు సాగలేదు. అబద్ధం రాయడానికి కూడా అలవాటు ఉండాలి కాబోలు.

"ఏంటమ్మాయ్, గోడకేసి చూస్తున్నావు? బట్టలు వాటికవే మడతపడవు." అత్తగారు వచ్చి, మోకాళ్లు పట్టుకుని మంచం చివర కూర్చుని, ఒక చొక్కా లాక్కుని మడతపెట్టడం మొదలుపెట్టింది.

ఏ బుద్ధి పుట్టిందో, ఆవిడకు చెప్పాను. పెద్ద మెషీను, దాని కడుపులో చిన్న మెషీన్లు, ఆపడం, ఆపినట్టు చెప్పకపోవడం.

"ఓస్, ఇంతేనా. ఉమ్మడి కాపురం" అంది.

"అంతే అత్తయ్యా. దానికి మా అక్క ఒక గడియారం చేసింది. ఎంతసేపు ఆపానో పెద్ద మెషీనే చెప్పాలి."

"పోయిన టైము తిరిగిస్తుందా?"

"ఇవ్వదు. ఎంత పోయిందో చెప్తుంది, అంతే."

ఆవిడ చొక్కా కాలరు సరిచేసింది. "ఆ మాత్రం చెప్పినా చాలును. మీ మామయ్య బతికున్నన్నాళ్లూ నన్ను నిదానం మనిషి అనే అన్నాడు. ఆయన పోయాక ఒకరోజు ఇల్లంతా దులిపి సర్దుకున్నాను. ఎవరూ పిలవలేదు. మధ్యాహ్నం ఇంకా ఎండగానే ఉంది, పనంతా అయిపోయింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అరే, నేను నిదానం కాదే అనుకున్నాను. ఎవరికి చెప్పను? చెప్పడానికి ఆయన లేడు."

"మరి నన్నెందుకు అంటారు అత్తయ్యా, అదే మాట?"

"ఏమో. నోటికి అదే వస్తుంది" అంది, నా వైపు చూడకుండా. బట్టల గుట్టను తన వైపు జరుపుకుంది. మొత్తం గుట్టను. "నీ పనేదో చూసుకో ఫో."

అదే క్షణంలో ఫోను మోగింది. మా ఆయన. "ఇంట్లోనే ఉన్నావుగా, ఇప్పుడొక పార్సెల్ వస్తుంది, ఒక్క నిమిషం కిందికి దిగి తీసుకో." నేను లేవబోయాను. అత్తగారు ఫోను నా చేతిలోంచి తీసుకుని, "పార్సెలూ లేదు, పాడూ లేదు. అది పనిలో ఉంది. కింద పెట్టి వెళ్లమను" అని కట్ చేసేసింది. ఎర్రబటన్ ఎక్కడుందో ఆవిడకు తెలుసని నాకు ఆ రోజే తెలిసింది.

మన టీమ్‌లో ఇంకో రూలుంది, మీరంతా మర్చిపోయిన రూలు. పేరు హెడర్లోకి ఎక్కేముందు, అందరూ ఆఖరిసారి చూసి ఒప్పుకోవడానికి రివ్యూ మెయిలు తిరుగుతుంది. అందులో ఉన్నవాళ్లు ఏ ఒక్కరైనా "ఒప్పుకోను" అని కారణంతో రాస్తే, ఆ కారణానికి రాతలో జవాబు వచ్చేదాకా అంతా ఆగాలి. డాక్యుమెంటేషన్ మనిషి కూడా ఆ మెయిలులో ఉంటుంది, కామాలు దిద్దడానికి. ఇన్నాళ్లూ నేను కామాలే దిద్దాను. ఆ మధ్యాహ్నం ఇలా రాశాను:

"ఒప్పుకోను. కారణం: ఈ పేరు నిజం కాదు. హోస్టు అతిథి సమయాన్ని తీసుకుంటుంది, తీసుకున్నంత చెప్తుంది. తీసుకున్నవాళ్లు చెప్పడం సాయం కాదు, బాధ్యత. ఆగిపోయినవాళ్లకు ఎంతసేపు ఆగామో తెలియదు. ఆపినవాళ్లకే తెలుస్తుంది. కాబట్టి ఈ లెక్క ఆఫ్‌లో ఉండటానికి వీల్లేదు. అబద్ధపు పేరుకు నేను వివరణ రాయను."

పంపేశాను. చెప్తున్నాను కదా, మొదలుపెట్టిన వాక్యం మధ్యలో లేవకుండా క్రియ దాకా వెళ్లడం ఎంత హాయో ఆ రోజు తెలిసింది. అంత నిదానం మనిషిని, ఇట్టే రాసేశాను.

లీడు ఫోన్ చేసేటప్పటికి సాయంత్రమైంది. మా ఆయన వచ్చి సోఫాలో కాళ్లు చాపుకున్నాడు.

"ఏమ్మా, ఆ మెయిలు పొరపాటున వెళ్లిందా?"

"లేదు సార్. కావాలనే."

"డాక్యుమెంటేషన్ వాళ్లు అడ్డుచెప్పొచ్చని ఎక్కడుంది?"

"మీరు పెట్టిన రూల్లోనే ఉంది సార్. అందరికీ అర్థమయ్యేలా దాన్ని తిరగరాసింది నేనే. బాగుందని మెచ్చుకున్నారు కూడా."

ఆయన గొంతు మెత్తబడింది. మెత్తబడినప్పుడే భయపడాలి. "చూడమ్మా, నీ కాంట్రాక్టు పొడిగింపు ఈ వారమే నా ముందుకొస్తుంది. ఒక్క పేరు కోసం అందరినీ ఆపుతావా?"

"ఆపిందెవరో మీకు తెలిసిపోయింది కదా సార్. ఎంతసేపు ఆగారో కూడా మీకు తెలుస్తూనే ఉంటుంది. ఆ అదృష్టం అతిథులకు లేదనే నా బాధ. జవాబు మెయిల్లో రాయండి" అన్నాను.

ఫోను పెట్టేసరికి రివ్యూలో అక్క మాట కనబడింది. "రాసినదాన్ని కాబట్టి నాకు ఓటు లేదు. అయితే ఈ కారణానికి ఏం జవాబు వస్తుందో చదవాలని ఉవ్విళ్లూరుతున్నాను." నాకు విడిగా ఇంకో మెసేజ్: "నీ రాతలో కొట్టేయడానికి ఒక్క అక్షరం దొరకలేదు." ఆమె ఎలాంటి మనిషో మీకు తెలుసు. పదవులు, బిరుదులు మీరే ఉంచుకోండి. నాకు ఆ మెసేజ్ చాలు.

"ఉద్యోగం ఊడగొట్టుకునేలా ఉన్నావే" అన్నాడు మా ఆయన. "సాయమంటే ఏం తప్పు? నేనూ ఇంట్లో సాయం చేస్తున్నాను. నేనెప్పుడైనా ఆ మాటకు సిగ్గుపడ్డానా?"

"ఇవాళ నన్ను ఎన్నిసార్లు ఆపావు?"

"నేనా? నేను పొద్దుట్నుంచీ ఆఫీసులో ఉన్నాను కదా!"

"ఫోన్లో ఆపావురా" అని గదిలోంచి అత్తగారి గొంతు.

మా ఆయన మొహం మాడ్చుకున్నాడు. "సరే తల్లీ. ఎంత పోయిందో నువ్వే చెప్పు, నేను కాదన్నానా?"

అదిగో. అక్కడే ఉంది అసలు కిటుకంతా. పోయినదాని లెక్క పోగొట్టుకున్నవాళ్లే తేవాలి. తేకపోతే పోనట్టు. తెస్తే సణుగుతున్నట్టు. "నేను చెప్పలేను. నాకు తెలియదు. తీసుకున్నవాడివి నువ్వు, నువ్వు చెప్పు" అన్నాను. నోరు తెరిచాడు. లెక్క వెతుక్కుంటున్నట్టు పైకి చూశాడు. మా కాపురంలో ఆయన ఆ లెక్క కోసం వెతకడం అదే మొదటిసారి. దొరకలేదు. కానీ వెతికాడు. అది ఒప్పుకుంటాను.

ఇప్పుడు మీకందరికీ. నా అడ్డు ఇంకా అక్కడే ఉంది. మీ జవాబు ఇంకా రాలేదు. విడుదల ఆగిపోయిందని సరేసార్ అందరికీ మెయిళ్లు కొడుతున్నాడు. ఆగనీండి. కాంట్రాక్టు భయం చూపించి తీయించుకుందామని ఎవరైనా అనుకుంటే, నన్ను మెయిల్లోంచి తీసేయగలరేమోగానీ, రాసిన కారణాన్ని తీసేయలేరు. జవాబు రాయాల్సిందే.

పేరు మార్చండి. విడుదలయ్యాక చూద్దాం అనొద్దు, ఇవాళే మార్చండి. అక్క పెట్టిన పేరే పెట్టండి, ఆమె పేరుతో పెట్టండి. రెండో లెక్కను ఆన్‌లో ఉంచండి, అడగనివాళ్లకు కూడా. ఇంట్లో ఉన్న నువ్వూ అంతే. నేను అడిగేదాకా కూర్చోకు. రోజూ నువ్వే వచ్చి చెప్పు, ఇవాళ నీ దగ్గర ఇంత తీసుకున్నానని. తిరిగివ్వడం సంగతి ఆ తర్వాత తేల్చుకుందాం. ముందు లెక్క చెప్పండి. పూర్తిగా చెప్పండి, నేను రెండుసార్లు చదివి చూసుకుంటాను.

ఊఁ, మొదలుపెట్టండి. ఎంత తీసుకున్నారు?